ఆయాసం అంటే అలసట కాదు

టైము మూడుముక్కాలు. అత్తిమంజేరిపేట వీధిలో ఈ వేళకు కుక్కల అరుపు తప్ప ఇంకేమీ లేదు. ఇంకో మూడు గంటలాగితే ఇక్కడ మనిషి మాట మనిషికి వినపడదు. ఇంటింటా మరమగ్గాలు టకటకా మొదలవుతాయి. ఇప్పుడు మాత్రం గుమ్మం దగ్గర నిలబడితే చాలు, లోపల మంచం మీద పడుకున్న మా మేనత్త ఊపిరి మీకు వినిపిస్తుంది.

వినండి. నిదానంగా పోతోంది, నిదానంగా వస్తోంది. తల కింద ఒకటే దిండు. లైటు వెయ్యకముందే నేను చూసేది ఆ దిండునే.

“అత్తా, లెయ్యి. తొలి బస్సుకు పోవాల.”

“లేచే ఉండాను పాపా. నువ్వొచ్చి దిండ్లు లెక్క పెడతావు గదా, దానికోసరం కదలకుండా పండుకోనుండా.”

నవ్వుతూనే లేస్తుంది. మొహం కడుక్కుని, కాఫీ తాగకముందే మూలనున్న తూకం మిషను మీద నిలబడుతుంది. 58.4. నేను లాంగ్‌సైజు నోటుబుక్కులో రాస్తాను. బీపీ మిషను పట్టీ కుడిచేతికి చుడతాను. ఎడమ చేతికి చుట్టకూడదు. ఆపరేషనప్పుడు ఆ చంక కింది గడ్డలు తీశారు, చేయి వాస్తుంది. 124, 78. అదీ రాస్తాను. ఆఖరున కాళ్ళు. ఆమె తనంతట తానే వంగి, కాలి రెండో వేలి మెట్టెను చుట్టూ తిప్పి చూపిస్తుంది. మెట్టె సులువుగా తిరిగింది. దానికి అంకె లేదు, టిక్కు పెడతాను.

ఆ నోటుబుక్కును మీరు ఒకసారి చేతిలోకి తీసుకోండి. ముందు పేజీలన్నీ నూలు లెక్కలు: ఎన్ని లుంగీలు నేశారు, ఎంత కూలి వచ్చింది. మధ్య నుంచి లెక్క మారింది. తారీకు, బరువు, బీపీ, దిండ్లు, మిద్దె మెట్లు, మెట్టె. ఎనిమిది వారాల వెనక్కి తిప్పితే ఒక పేజీలో దిండ్ల కింద మూడు అని, మెట్ల కింద ఆరు అని, మెట్టె దగ్గర ఇంటూ గుర్తు అని కనిపిస్తుంది. మిద్దెకు పద్నాలుగు మెట్లు. ఆరో మెట్టు దగ్గర ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయిన రోజది.

*

బస్సు తిరుత్తణి వైపు పోతోంది. కిటికీలోంచి గాలి చల్లగా కొడుతోంది, చీకట్లో మామిడి తోపుల వాసన. కండక్టరు తమిళంలో టికెట్టు అడుగుతాడు, అత్త తెలుగులో చిల్లర లేదంటుంది, అతను తెలుగులోనే సణుగుతాడు. ఇక్కడ ఇది మామూలే. ఈ సీమ ఒకప్పుడు చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బోర్డులు మారాయి, బళ్ళు మారాయి, ఇళ్ళలో మాట మారలేదు. రోగమొస్తే కొందరు తిరుపతికి పోతారు, కొందరు వేలూరుకు, ఎక్కువమంది చెన్నైకి. మేం చెన్నైకి పోయేవాళ్ళం.

జరిగిన కథ బస్సు తిరుత్తణి చేరేలోగా చెబుతాను.

పోయిన ఆడికృత్తికకు అత్త కావడి మొక్కు తీర్చుకుని, తిరుత్తణి కొండ మెట్లు 365 ఎక్కి దిగింది. ఆ వారంలోనే స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. పరీక్షలో క్యాన్సరని తేలింది, అందులోనూ హెర్2 అనే గుర్తు బలంగా ఉన్న రకం. ఆపరేషను అయింది. తరువాత మూడు వారాలకొకటి చొప్పున నాలుగు ‘ఎర్ర మందు’ సీసాలు. డాక్సోరూబిసిన్ అని రాసి ఉంటుంది, వార్డులో ఎవరూ ఆ పేరు పలకరు. రూహఫ్జా రంగులో ఉంటుంది. ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తే అత్త నెత్తురనుకుని హడలిపోయింది. ఆ తరువాత వారం వారం ఇంకో మందు, దానితోపాటు మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షను. అది ఏడాది పాటు నడవాలి.

మొదటి ఎర్ర సీసాకు ముందు గుండెకు ఎకో తీశారు. కాగితం మీద 62 అని వచ్చింది. “నూటికి అరవై రెండా? ఫస్టుక్లాసే!” అని అత్త మురిసిపోయింది. నేనూ అలాగే అనుకున్నాను. అది మార్కు కాదని తరువాత తెలిసింది. గుండె ఎడమ కింది గదిలో నిండిన రక్తం వంద పాళ్ళనుకుంటే, ఒక్క కొట్టుకు అందులో ఎన్ని పాళ్ళు బయటికి తోస్తుందో ఆ లెక్క. ఎంత గట్టి గుండైనా వందకు వంద తోయదు. 50కి పైన, 70 దాకా ఉంటే మామూలు. ఈఎఫ్ అంటారు.

ఎర్ర మందు నాలుగూ అయ్యాక 59. ఫర్వాలేదన్నారు. ట్రాస్టుజుమాబ్ మొదలైంది. మూడో నెలలో అత్తకు ఆయాసం మొదలైంది.

ఇక్కడ జరిగిన పొరపాటు ఒక్క మాటలో ఉంది.

వార్డులో నర్సు మందు ఎక్కించే ముందు అందరినీ అడిగినట్టే ఎలా ఉందని తమిళంలో అడిగింది. అత్తకు వచ్చిన సరిహద్దు తమిళంలో “ఆయాసమా ఇరుక్కు” అని చెప్పింది. నర్సు తలూపి రాసుకుంది. బాగా తినండి, విశ్రాంతి తీసుకోండి అంది. నిజానికి ఆమె తప్పేమీ లేదు. తమిళంలో ఆయాసమంటే అలసట, బడలిక. కీమో వార్డులో అలసట లేని మనిషి ఎవరు? మన తెలుగులో ఆయాసమంటే ఎగశ్వాస, ఊపిరి అందకపోవడం. రెండు భాషలూ పక్కపక్కనే కూర్చుని ఒకే మాట మాట్లాడుకున్నాయి, ఒకదానిది ఒకదానికి అర్థం కాలేదు.

ఇంటి దగ్గరా అంతే. ఊళ్ళో చూపిస్తే గ్యాసన్నారు, మాత్ర ఇచ్చారు. పొరుగింటావిడ రక్తం తగ్గిందంది, బీట్‌రూట్ రసం తాగించింది. మెడికల్ షాపులో కాళ్ళ నొప్పులకని మాత్రలిచ్చారు. అలాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయని, బీపీ పెంచుతాయని, బలహీనపడ్డ గుండెకు అవి మరింత బరువని మాకెవరికీ తెలియదు. మూడో రోజుకు మెట్టె వేలికి బిగుసుకుపోయింది. ఆ రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంది. ఒక దిండు వేసినా, రెండు వేసినా లాభం లేకపోయింది. తెల్లారిందాకా గుమ్మానికి వీపు ఆనించి కూర్చుంది. నేను సబ్బు రాసి మెట్టె తీశాను. వేలి చుట్టూ గాడి పడి ఉంది.

మరునాడు చెన్నైలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ అడిగిన ప్రశ్న మా దారి మార్చింది. “రాత్రి తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారమ్మా?” అత్త వేళ్ళు చూపించింది: మూడు. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి స్టెతస్కోపు అందుకుంది. ఆ సాయంత్రానికి ఎకో కాగితం మీద 47 వచ్చింది. ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షను తాత్కాలికంగా ఆపారు.

*

తిరుత్తణి స్టేషను. తెల్లవారుతోంది. కొండ మీద గుడి దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. అత్త రైలెక్కే ముందు అటు తిరిగి చేతులు జోడిస్తుంది. ప్లాట్‌ఫారం వంతెన ఎక్కుతూ ఆమె మెట్లు లెక్కపెట్టడం మీరు వింటారు, పెదవుల మీదే. ఆగలేదు. పైన నిలబడి నన్ను చూసి కనుబొమలెగరేసింది.

లోకల్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. అరక్కోణం దాటితే నిలబడేవాళ్ళు మొదలవుతారు, తిరువళ్ళూరు దాటితే ఊపిరి సలపదు. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. డబ్బాలో ఇడ్లీ, ఊరుబిండి. ఊరుబిండిలో ఉప్పు తగ్గించాం, నిమ్మకాయ ఎక్కువ పిండాం. అత్త ఒక ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లిస్తుంది.

“ఉప్పు లేని ఊరుబిండి ఏం ఊరుబిండే పాపా!”

“రోజుకు ఒక టీస్పూనే అత్తా. అన్నంలో, కూరలో, మజ్జిగలో అంతా కలిపి.”

“అంటే అప్పడమూ లే, ఊరగాయా లే, ఎండుచేపా లే.”

“ఉండాది. ఆదివారం ఒక ముక్క.”

“ఆ ఆదివారానికోసరమే బతకతాండా పో.”

పక్కన కూర్చున్న పూలమ్మే ఆవిడ నవ్వుతుంది. ఆమెకు తెలుగు వచ్చు, ఈ రైల్లో సగం మందికి వచ్చు.

సెంట్రల్‌లో దిగి బయటికి వస్తే ఎదురుగా జనరల్ ఆసుపత్రి, దాని పక్కనే మద్రాసు మెడికల్ కాలేజీ. ఇక్కడ నేనెప్పుడూ ఒక్క క్షణం ఆగుతాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదివింది ఇక్కడే. ఖద్దరు కట్టాడన్న కోపంతో ఎంబీబీఎస్ ఇవ్వకుండా తక్కువ డిగ్రీతో పంపించారు. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో చేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. రొమ్ము క్యాన్సర్‌కు మొదట్లో వాడిన మూడు మందుల కలయికలో అదీ ఉంది. ఎర్ర మందు తట్టుకోలేని గుండె ఉన్నవాళ్ళకు డాక్టర్లు ఇప్పటికీ ఆలోచించే దారుల్లో ఆ కలయిక ఒకటి. ఆ సుబ్బారావు 1948 ఆగస్టులో నిద్రలో గుండె ఆగి పోయాడు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు.

ఇంకాస్త దక్షిణానికి పోతే అడయారు. క్యాన్సర్‌తో చెల్లెలిని పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుబట్టి అక్కడ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించారు. 1954లో 12 పడకలతో మొదలైంది. ఆ రోజుల్లో క్యాన్సర్ వచ్చినవాళ్ళు గుండె గురించి అడిగేదాకా బతకడమే అరుదు. ఇవాళ అత్తలాంటి వాళ్ళకు ఆ సందేహం వచ్చిందంటే మందులు అంత దూరం తెచ్చాయన్నమాట. క్యాన్సర్ నయమై, గుండె పాడైతే ఆ దూరం నడిచి ఏం లాభం?

*

ఎకో గది. ఏసీ చలి, చీకటి. మీరు తలుపు పక్కన నిలబడండి, స్థలం అంతే ఉంది. అత్త ఎడమ వైపుకు తిరిగి పడుకుంది, ఎడమ చేయి తల కింద. తోడు నేనుండొచ్చా అని ముందే అడిగాను, ఉండమన్నారు. ఆడ టెక్నీషియన్ కావాలని అడగడానికి కూడా సిగ్గుపడక్కరలేదు. రొమ్ము ఉన్న చోట ఇప్పుడు అడ్డంగా ఒక కుట్టు, దాని కింద చర్మం పలచగా పక్కటెముకలకు అంటుకుని ఉంది. టెక్నీషియన్ చల్లటి జెల్లీ పూసి, కుట్టుకు తగలకుండా కింది నుంచి, ఎముకల సందులో మొన పెట్టింది. అత్త పళ్ళ బిగువున ఊపిరి పీల్చింది. చలికే, నొప్పికి కాదు.

తెర మీద చూడండి. నలుపులో బూడిదరంగు పొగ. ఆ పొగ నెమ్మదిగా ఒక ఆకారం కట్టుకుంటుంది: నాలుగు గదులు. వాటి మధ్య రెండు సన్నటి రెక్కలు. తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. టెక్నీషియన్ ఒక మీట నొక్కగానే స్పీకరులోంచి రక్తం పారే చప్పుడు: భుస్... భుస్... భుస్.

“మన మగ్గం మాదిరే ఉండాదే,” అని అత్త గొణిగింది. “నాడె ఇటు పోయి అటు వస్తాది సూడు.”

నిజంగానే ఆ రెక్కలు నాడె ఆడినట్టే ఆడుతున్నాయి. ఇందులో సూది లేదు, కరెంటు లేదు, ఎక్స్‌రే లేదు. చెవికి వినపడనంత సన్నటి ధ్వనిని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తారు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్స్ అనే ఇద్దరు మొదటిసారి ఇలా గుండె కదలిక చూశారు. అందుకు వాళ్ళు అరువు తెచ్చింది ఓడల కర్మాగారంలో లోహంలో పగుళ్ళు వెతికే యంత్రాన్ని.

టెక్నీషియన్ బొమ్మను ఆపింది. గుండె వ్యాకోచించినప్పుడు ఎడమ గది అంచు వెంట చుక్కలు పెట్టింది. ముడుచుకున్నప్పుడు మళ్ళీ చుక్కలు పెట్టింది. పెద్ద గుమ్మడి గింజ, చిన్న గుమ్మడి గింజ. రెండింటి తేడా పెద్ద గింజలో నూటికి ఎంతో, అదే అంకె. మూలన చిన్న అక్షరాల్లో ఏదో వచ్చింది. అత్తకు కళ్ళజోడు లేదు, నా చెయ్యి పట్టుకుంది. టెక్నీషియన్లు ఏమీ చెప్పరు. డాక్టరు చెబుతారు, బయట కూర్చోండి అంటారు.

బయట బెంచీ మీద నలభై నిమిషాలు. నేను చూశాను, నాకు తెలుసు. అయినా చెప్పలేదు, తప్పుగా చదివానేమోనని.

*

గుండె డాక్టరు గది. ఆయన కాగితాలు నాలుగూ వరసగా బల్ల మీద పెట్టాడు. 62. 59. 47. ఇవాళ్టిది 55.

అత్త నాలుగో కాగితం మీద వేలు పెట్టింది. “పాసేనా సార్?”

“పాసేనమ్మా. ఇంజెక్షను మళ్ళీ మొదలుపెట్టొచ్చు. క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాను.”

ఆమె అడిగిన రెండో ప్రశ్న నన్ను ఆశ్చర్యపెట్టింది. “ఎర్రమందు చేసిందా ఈ పని, ఇంజెక్షనా?”

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే మనిషి దొరకడం మా అదృష్టం. ఎర్ర మందు గుండె కండరపు కణాలను నేరుగా గాయపరుస్తుంది. ఆ కణాలు దాదాపు మళ్ళీ పుట్టవు. ఆ గాయం మోతాదుతోపాటు పోగవుతుంది, అందుకే జన్మకంతా ఇంతకు మించకూడదని ఒక హద్దు పెట్టుకుంటారు. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తారు. మొత్తం 400 దగ్గర నూటికి అయిదుగురి గుండె దెబ్బతిన్నట్టు, 550 దగ్గర నలుగురిలో ఒకరిది దెబ్బతిన్నట్టు పాత లెక్కలు చెప్పాయి. రొమ్ము క్యాన్సర్‌కు మామూలుగా ఇచ్చే నాలుగు సీసాలు కలిపితే 240. హద్దుకు చాలా కింద. అయినా బీపీ, షుగరు, పెద్ద వయసు, అంతకుముందే ఉన్న గుండెజబ్బు తోడైతే తక్కువలోనూ తగులుతుంది. అత్తకు బీపీ ఉంది, వయసు 56.

ట్రాస్టుజుమాబ్ తీరు వేరు. క్యాన్సర్ కణం మీదుండే హెర్2 గుర్తును పట్టుకుని దాని పెరుగుదల ఆపుతుంది. కష్టకాలంలో గుండె కణం తనను తాను బాగుచేసుకోవడానికి వాడుకునేది కూడా ఆ హెర్2నే. ఎర్ర మందు తగిలాక మరమ్మతుకు కావాల్సిన చెయ్యిని ఇది కట్టేస్తుంది. అందుకే రెండింటినీ ఒకేసారి ఇచ్చిన తొలి పరీక్షలో నూటికి 27 మందికి గుండె ఇబ్బంది వచ్చింది. 2001లో ఆ ఫలితం అచ్చయ్యాక ఒకటి ముగించి మరొకటి మొదలుపెట్టడం పద్ధతి అయింది. మంచి మాటేమిటంటే, ట్రాస్టుజుమాబ్ వల్ల పడిన గుండె చాలామందిలో తిరిగి లేస్తుంది: మందు కొన్ని వారాలు ఆపి, గుండె మాత్రలు మొదలుపెడితే.

అత్త అంతా విని తన మాటల్లోకి తిప్పుకుంది. “అంటే ఎర్రమందు పోగు తెంపేది. ఇంజెక్షను బిగువు సడలించేది. తెగిన పోగు అతికేది కష్టం. బిగువైతే మళ్ళా లాక్కోవచ్చు.”

డాక్టరు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరువాత ఆ వాక్యాన్ని తన నోటుపుస్తకంలో తమిళంలో రాసుకున్నాడు.

మాత్రలు రెండు రకాలు. ఒకటి రక్తనాళాలను సడలించి గుండె బరువు దించేది, ఒకటి గుండె వేగాన్ని తగ్గించేది. పొడిదగ్గు వస్తే చెప్పమన్నాడు, మార్చే వీలుందట. తల తిరిగితే కూర్చోమన్నాడు. బాగుందని మాత్ర మానొద్దన్నాడు. రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే అపాయింటుమెంటు కోసం కాచుకోకుండా రమ్మన్నాడు. ఆరు వారాలకు మళ్ళీ ఎకో, ఆ తరువాత మూడు నెలలకోసారి.

“ఇంజెక్షను ఏడాది పూర్తిగా పడాల్సిందేనా సార్? గుండెకు భయంగా ఉంటే మానేస్తే?” అని నేనడిగాను. నా భయం నాది.

“మీరు మాన్పించొద్దు. మేం ఆపమంటే ఆపండి, మొదలుపెట్టమంటే మొదలుపెట్టండి. ఈ రకం క్యాన్సర్‌కు ఆ మందే ప్రాణం. గుండెను కాపాడేది ఆ మందు పూర్తిగా ఇవ్వడానికే.”

*

డేకేర్ వార్డు. వరసగా వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు. అత్త కుడిచేతిలో సూది దిగింది. ఈ సీసాలో మందుకు రంగు లేదు, మంచినీళ్ళలా ఉంది. ఈ నీళ్ళ ధర ఒకప్పుడు మగ్గం ఇంటికి ఊహకందనిది. 2014లో బెంగళూరు బయోకాన్ తన సొంత రూపాన్ని మార్కెట్లోకి తెచ్చాక, ఆ తరువాత మరిన్ని కంపెనీలు వచ్చాక ధర దిగింది. మాకు ముఖ్యమంత్రి బీమా కార్డు తోడైంది.

పక్క కుర్చీలో ఒక ముసలమ్మ. నర్సు వచ్చి తమిళంలో ఎలా ఉందని అడిగింది. ముసలమ్మ అంది: “ఆయాసంగా ఉంది తల్లీ.”

అత్త గబుక్కున లేవబోయింది, ట్యూబు లాగింది. “సిస్టర్! అది టయర్డు కాదు. ఊపిరి. మూచ్చు. మూచ్చు వాంగుదు.” ముసలమ్మ వైపు తిరిగి తెలుగులో: “అవ్వా, రాత్రి పండుకుంటే ఊపిరాడతాదా? దిండ్లెన్ని?”

ముసలమ్మకు దిండ్ల ఇబ్బంది లేదు. మెట్లెక్కితేనే, అదీ రక్తం తగ్గినందువల్ల అని తరువాత తేలింది. కానీ నర్సు ఈసారి తలూపి వెళ్ళిపోలేదు. వేలికి క్లిప్పు పెట్టింది, కాళ్ళు నొక్కి చూసింది, డాక్టరును పిలిచింది.

ఎర్ర మందు అయిపోయింది, ఇంజెక్షను నడుస్తోంది. ఇంకొకటి మిగిలింది. వచ్చే వారం నుంచి ‘కరెంటు’ పెడతారు, అంటే రేడియేషను. ఎడమ రొమ్ము కింద గుండె ఉంటుంది. గుండెకు తగిలే సగటు కిరణ మోతాదు ఒక్కో గ్రే పెరిగేకొద్దీ పెద్ద గుండెపోటు లాంటివి వచ్చే అవకాశం 7.4 శాతం చొప్పున పెరుగుతుందని, అది కనీసం ఇరవై ఏళ్ళు వెంటాడుతుందని డెన్మార్క్, స్వీడన్ మహిళల మీద చేసి 2013లో అచ్చేసిన అధ్యయనం తేల్చింది. దానికి ఒక విరుగుడు మన ఊపిరిలోనే ఉంది. గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టితే ఊపిరితిత్తి ఉబ్బి గుండెను ఛాతీ గోడ నుంచి దూరంగా, కిందికి నెడుతుంది. ఆ కొద్ది సెకన్లలోనే కిరణం వదులుతారు. ఎడమ వైపు క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఆ సౌకర్యం ఉందా అని ముందే అడగాలి.

ఎనిమిది వారాల కింద మూడు దిండ్ల మీద కూర్చున్న మనిషి ఇప్పుడు కుర్చీలో కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టి సాధన చేస్తోంది. నేను గడియారం చూస్తున్నాను. పది... పదిహేను... ఇరవై... ఇరవై రెండు. ఫుఫ్‌మని వదిలింది.

“ఎంత?”

“ఇరవై రెండు.”

“రేపు ఇరవై అయిదు సూడు.”

*

సాయంత్రం ఏడు దాటాక అత్తిమంజేరిపేటలో దిగుతాం. ఇప్పుడు మీకు ఆ చప్పుడు చెవుల్లో కాదు, కాళ్ళ కింద తెలుస్తుంది. వీధి వీధంతా మగ్గాల మోత. ఇంటి అరుగు మీద ‘మక్కళై తేడి మరుత్తువం’ అమ్మాయి సంచీతో కూర్చుని ఉంది. 2021 నుంచి నడుస్తున్న ఈ ప్రభుత్వ పథకంలో బీపీ, షుగరు మాత్రలు ఇంటికే వస్తాయి. క్యాన్సర్ ఆసుపత్రి చెన్నైలో ఉన్నా, బీపీ అదుపు ఈ అరుగు మీదే జరగాలి. అత్త కొత్త మాత్రల చీటీ ఆమెకు చూపించింది. ఆసుపత్రిలో ఏమి రాశారో ఊళ్ళో వాళ్ళకు, ఊళ్ళో ఏమి వాడుతున్నారో ఆసుపత్రి వాళ్ళకు తెలియకపోతే ఒకే మందు రెండుసార్లు మింగే ప్రమాదం ఉంది.

తిన్నాక వీధి చివరి దాకా వెళ్ళి వచ్చాం. డాక్టరు రోజూ నడవమన్నాడు, మాట్లాడగలిగేంత వేగంతో. అత్త దారంతా మాట్లాడుతూనే నడిచింది, కాబట్టి వేగం సరిపోయినట్టే. తరువాత మిద్దె ఎక్కింది. పద్నాలుగు మెట్లు, ఆగకుండా. నోటుబుక్కులో ఆ గళ్ళో 14 అని ఆమే రాసింది, వంకర అంకెలతో. పక్కన 55 అని రాసి చుట్టూ సున్నా చుట్టింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స మొదలవుతుంటే మూడు పనులు చెయ్యండి. మొదటి సీసా ఎక్కకముందే ఎకో, ఈసీజీ తీయించి, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుని ఆ కాగితాలు పారేయకుండా దాచండి. ముందు అంకె లేకపోతే తరువాతి అంకెకు అర్థం లేదు. నొప్పి మాత్రలు, నాటు మందులు డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు. చికిత్స ముగిసిందని ఎకో మానొద్దు, ఏడాది లోపు మరోసారి తీయించండి. ఎర్ర మందు దెబ్బ కొందరిలో ఏళ్ళ తరువాత బయటపడుతుంది.

ఇక ఆసుపత్రిలో ఎవరైనా ఎలా ఉందని అడిగితే, ఏ భాషలో అడిగినా సరే, ఆయాసం, నీరసం, ఒకలా ఉంది అని చెప్పి ఊరుకోకండి. ఎన్ని మెట్లకు ఆగుతున్నారో చెప్పండి. ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారో చెప్పండి. ఎన్ని కిలోలు పెరిగారో చెప్పండి. మాట సరిహద్దు దగ్గర అర్థం మారుతుంది, అంకె మారదు.